ఒక వారం క్లాసు.. ఒక వారం కార్ఖానా!

ఉద్యోగ ప్రకటన చూస్తారు. చదువు సరిపోయింది, మార్కులు సరిపోయాయి, వయసూ సరిపోయింది. హమ్మయ్య అనుకునేలోపే కింద ఇంకో లైను కనిపిస్తుంది: కనీసం రెండేళ్ల అనుభవం తప్పనిసరి. అనుభవం రావాలంటే ముందు ఎవరో ఒకరు ఉద్యోగం ఇవ్వాలి కదా! ఉద్యోగం ఇవ్వాలంటే అనుభవం ఉండాలంటారు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్న సామెత మన పెద్దలు ఇలాంటివాటి గురించే చెప్పి ఉంటారు.

ఈ చిక్కుముడి మీ బ్యాచ్‌తో మొదలైంది కాదు. సుమారు 120 ఏళ్ల కిందట అమెరికాలో ఒక సివిల్ ఇంజినీరింగ్ అధ్యాపకుడు దీన్ని విప్పడానికి కూర్చున్నారు. ఆయన కనిపెట్టిన మార్గాన్నే ఇవాళ కో-ఆపరేటివ్ ఎడ్యుకేషన్, పొట్టిగా కో-ఆప్ అంటున్నారు. విదేశాల్లో చదివే సీనియర్లను అడిగితే ఈ మాట తప్పకుండా వినిపిస్తుంది. మీ కోర్సులో ఉన్న ఇంటర్న్‌షిప్‌కూ దీనికీ దగ్గరి చుట్టరికం ఉంది. ఆ అధ్యాపకుడి పేరు హెర్మన్ ష్నైడర్. ఆయన కథ తెలిస్తే, మీ ఇంటర్న్‌షిప్‌ను మీరు చూసే చూపు కొంచెం మారుతుంది.

బొగ్గు గనుల ఊరి కుర్రాడు

ష్నైడర్ 1872లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని సమ్మిట్ హిల్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. ఆంత్రసైట్ బొగ్గు గనుల ప్రాంతం అది. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల ఊళ్లలో బడికి వెళ్లాల్సిన పిల్లలు కూడా బొగ్గులోంచి రాళ్లు ఏరే పనికి వెళ్లేవారు. పని అంటే ఏంటో, చేతులు నల్లబడటం అంటే ఏంటో అక్కడ పుట్టినవారికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

పెద్దయ్యాక అదే రాష్ట్రంలోని లీహై విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజినీరింగ్‌లో చేరారు. చదువుకుంటూనే ఒక ఆర్కిటెక్ట్ దగ్గర పనిచేశారు. 1894లో డిగ్రీ చేతికొచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లు సొంతంగా ఇంజినీరింగ్ పనులు చేసుకున్నారు. దేశం పశ్చిమాన రైల్వే కంపెనీలో చేరి వంతెనల పని చూశారు. 1899లో తాను చదివిన లీహైకే అధ్యాపకుడిగా తిరిగొచ్చారు.

ఈ నాలుగు వాక్యాల్లో ఒక విషయం గమనించారా? పాఠం చెప్పడానికి వచ్చేనాటికే ఆయన క్లాసులో కూర్చున్నారు, ఆఫీసులో పనిచేశారు, నది మీద వంతెన దగ్గర నిలబడ్డారు. పుస్తకంలో బీమ్ గీత గీసినంత తేలిక కాదు, నిజం బీమ్‌ను నిలబెట్టడం. ఆ తేడా ఆయనకు ఒంటికి తెలుసు. క్లాసులో ఎదురుగా కూర్చున్న పిల్లలకు అది తెలియదు. చెబితే వింటారు, రాసుకుంటారు, పరీక్షలో రాస్తారు. కానీ తెలియదు. మాస్టారికి అక్కడే బెంగ మొదలైంది.

గోడకు అటు స్టీలు, ఇటు సిలబస్

లీహై విశ్వవిద్యాలయం బెత్లెహెమ్ పట్టణంలో ఉంటుంది. ఆ క్యాంపస్ కిందుగానే ఆ కాలానికి చాలా పెద్దదైన బెత్లెహెమ్ స్టీల్ కర్మాగారం ఉండేది. ఒక సాయంత్రం ష్నైడర్ క్యాంపస్‌లో నడుచుకుంటూ వెళ్తుంటే కర్మాగారంలోని బెస్సెమర్ కొలిమి ఒక్కసారిగా భగ్గున లేచిందనీ, ఆ వెలుగు చూస్తూ నిలబడినప్పుడే ఆయనకు ఆలోచన తట్టిందనీ చెబుతారు.

ఆ ఆలోచన చాలా సింపుల్. కాలేజీలో ల్యాబ్ లేదని, ఉన్న యంత్రాలు పాతబడ్డాయని అందరూ గోల పెడుతున్నారు. కొత్తవి కొందామంటే లక్షల ఖర్చు. కొన్న నాలుగేళ్లకు అవీ పాతవైపోతాయి. గోడ అవతల చూస్తే ప్రపంచంలోనే అత్యుత్తమ యంత్రాలు రాత్రింబవళ్లు తిరుగుతున్నాయి. అటువైపు యజమానులదేమో ఇంకో గోల. కాలేజీ నుంచి వచ్చే కుర్రాళ్లకు పని రాదు, మళ్లీ మొదటి నుంచి నేర్పుకోవాల్సి వస్తోందని. ఇద్దరికీ ఒకరి అవసరం ఒకరికి ఉంది. మధ్యలో గోడ ఉంది, అంతే.

ష్నైడర్ ఆవేశపడి ఊరుకోలేదు. ముందు లెక్క తీశారు. లీహైలో చదివి బయటికెళ్లిన ఇంజినీర్లలో బాగా పైకొచ్చినవారు ఎవరు, వారిలో ఉమ్మడిగా ఉన్నదేంటి అని ఆరా తీశారు. దాదాపు అందరిలోనూ ఒకటే కనిపించింది. వాళ్లు చదువుకునే రోజుల్లోనే, సెలవుల్లోనో తీరిక వేళల్లోనో, ఏదో ఒక పని చేసినవాళ్లు. ఇంట్లో గడవక చేసి ఉండొచ్చు, సరదాకి చేసి ఉండొచ్చు. కారణం ఏదైనా, ఆ పని వాళ్ల చదువును చెడగొట్టలేదు, దానికి పట్టు ఇచ్చింది.

అప్పుడు ఆయన వేసుకున్న ప్రశ్న ఇది. కొందరికి అదృష్టం కొద్దీ, అవసరం కొద్దీ దొరికిన ఈ లాభాన్ని, ప్రతి విద్యార్థికీ దొరికేలా సిలబస్‌లోనే పెడితే?

వద్దన్నవాళ్లే ఎక్కువ

ఇవాళ వింటే ఇందులో వింతేం లేదనిపిస్తుంది. కానీ అప్పట్లో చాలామందికి అది పిచ్చి ఆలోచన. విశ్వవిద్యాలయం అంటే చదువుల గుడి, అందులో నూనె మరకల చొక్కాలేంటి అన్నది ఒక వాదన. వారం వారం పనికి పంపిస్తే పాఠం తెగిపోతుంది, డిగ్రీ విలువ పడిపోతుంది అన్నది ఇంకో వాదన. లీహైలో అది ముందుకు కదల్లేదు. పిట్స్‌బర్గ్‌లో ఆండ్రూ కార్నెగీ డబ్బుతో కొత్తగా రాబోతున్న సాంకేతిక విద్యాలయమైనా దీన్ని తీసుకుంటుందేమో అని ఆశపడ్డారు. అక్కడా కుదరలేదు.

1903లో ష్నైడర్ సిన్సినాటి విశ్వవిద్యాలయానికి సహాయ ఆచార్యుడిగా మారారు. ఒహాయో నది ఒడ్డున ఉన్న ఆ ఊరు అప్పట్లో మెషీన్ టూల్స్‌కు పెట్టింది పేరు. అంటే లేత్‌లు, మిల్లింగ్ మెషీన్ల లాంటివి, యంత్రాలను తయారుచేసే యంత్రాలు. పైగా ఆ విశ్వవిద్యాలయం నగర పాలక సంస్థ ఆధ్వర్యంలో నడిచేది. ఊరి పన్నులతో నడిచే కాలేజీకి ఊరి పరిశ్రమలతో సంబంధం ఉండాలంటే కాదనడం కష్టం. ఆలోచన అదే, చోటు మారింది. దానికి తగిన నేల దొరికింది.

అయినా పని ఒక్కరోజులో అవలేదు. మూడేళ్లు పట్టింది. ఫ్యాక్టరీ యజమానుల చుట్టూ తిరిగారు. ఒక్కొక్కరికీ విడమరిచి చెప్పారు. మిల్లింగ్ మెషీన్ల తయారీదారు ఫ్రెడరిక్ గైయర్ లాంటి పారిశ్రామికవేత్తలు ముందుకొచ్చారు. విశ్వవిద్యాలయ అధ్యక్షుడు చార్లెస్ డాబ్నీ అండగా నిలిచారు. చివరికి పాలకమండలి ఒప్పుకుంది కానీ, ఎంత బెరుగ్గా ఒప్పుకుందో చూడండి. ఒక్క ఏడాది ప్రయోగంగా చేసుకోమంది. విఫలమైతే ఆ బాధ్యత మాత్రం తమది కాదని ముందే రాసిపెట్టుకుంది!

అంటే ఏంటి? ఏడాదిలో తేడా వస్తే ష్నైడర్ పేరు పోతుంది. అంతకంటే ముఖ్యం, ఆయన మాట నమ్మి చేరిన పిల్లల చదువు పోతుంది. 1906లో ఆయన ఇంజినీరింగ్ కళాశాల డీన్ అయ్యారు. అదే ఏడాది శరదృతువులో 27 మంది విద్యార్థులతో మొదటి బ్యాచ్ మొదలైంది. వాళ్లు మెకానికల్, ఎలక్ట్రికల్, కెమికల్ ఇంజినీరింగ్ కుర్రాళ్లు.

ఇద్దరు విద్యార్థులు, ఒకే ఉద్యోగం

పద్ధతి ఎలా ఉండేదో కాస్త వివరంగా తెలుసుకోవాలి. ఎందుకంటే కిటుకంతా అందులోనే ఉంది.

విద్యార్థులను జంటలుగా విడదీశారు. ఫ్యాక్టరీలో ఒక జంటకు ఒక ఉద్యోగం. ఈ వారం మీరు క్లాసులో ఉంటే మీ జంట మెషీన్ దగ్గర ఉంటారు. వచ్చే వారం మీరు మెషీన్ దగ్గర, వాళ్లు క్లాసులో. అలా ఆరేళ్లు. మామూలు కోర్సు కంటే రెండేళ్లు ఎక్కువ. కానీ పనికి జీతం ఉంటుంది. గంటకు కొన్ని సెంట్లే అయినా, అనుభవం పెరిగేకొద్దీ పెరిగే జీతం.

మరి వారం మారినప్పుడు పని ఆగిపోదా? దానికీ దారి ఆలోచించారు. క్లాసులో ఉన్న విద్యార్థి శనివారం ఫ్యాక్టరీకి వెళ్లి, తన జంట ఏ పని చేస్తున్నారు, ఎక్కడిదాకా వచ్చింది అన్నీ కనుక్కోవాలి. సోమవారం ఉదయం అక్కణ్నుంచి అందుకోవాలి. యజమానికి కావాల్సింది మెషీన్ ఆగకపోవడమే కాబట్టి ఆయనకూ ఇబ్బంది లేదు. విద్యార్థికేమో చదువుతోపాటు ఇంకో విద్య వచ్చింది. ఒకరు వదిలిన పనిని ఇంకొకరు అందుకోవడం, తను వదిలేటప్పుడు అవతలివాళ్లకు అర్థమయ్యేలా వదలడం. మీరు రేపు ఏ కంపెనీలో చేరినా మొదటి నెలలో అడిగేది ఇదే.

కాలేజీలో చేరకముందు వేసవిలోనే అభ్యర్థులను ఫ్యాక్టరీకి పంపేవారు. ఆ వేడి, ఆ చప్పుడు, తెల్లారగట్ల లేవడం తట్టుకోలేనివారు అక్కడే తేలిపోయేవారు. ఆరేళ్లు చదివాక ఈ రంగం నాకు పడదని తెలుసుకోవడం కంటే, ఆరు వారాల్లో తెలుసుకోవడం నయం కదా.

ఇంకో ముఖ్యమైన సంగతి. విద్యార్థిని ఒకే మెషీన్ దగ్గర ఏళ్ల తరబడి కట్టేయడానికి లేదు. పోతపని, మెషీన్ షాపు, విడిభాగాలు కూర్చడం, పరీక్షించడం, డ్రాయింగ్ ఆఫీసు.. ఇలా వరుసగా ముందుకు సాగేలా విద్యార్థి, కంపెనీ, విశ్వవిద్యాలయం మధ్య ఒప్పందం ఉండేది. ఆ ఒప్పందం అమలవుతోందా లేదా చూడటానికి కో-ఆర్డినేటర్ అనే అధ్యాపకుడు ఉండేవారు. ఆయన కొంత సమయం ఫ్యాక్టరీలో, కొంత సమయం కాలేజీలో గడిపేవారు. మెషీన్ దగ్గర కుర్రాడు చేస్తున్న పనిని చూసి, ఆ పని వెనకున్న సూత్రాన్ని క్లాసులో ఎత్తుకునేవారు. ఈ కట్టర్ ఎందుకు వేడెక్కింది? ఈ గేరు ఇన్ని పళ్లే ఎందుకు? పోతలో బుడగ ఎందుకొచ్చింది? కార్ఖానాలో పుట్టిన ప్రశ్నకు క్లాసులో జవాబు. క్లాసులో విన్న సూత్రానికి మరుసటి వారం కార్ఖానాలో సాక్ష్యం.

కో-ఆప్ అంటే ఇదీ. చదువు పక్కన ఒక ఉద్యోగం పెట్టడం కాదు. రెండింటి మధ్య రాకపోకలు పెట్టడం.

ఎవరికేం దక్కింది?

ఏడాది గడిచింది. పాలకమండలి భయపడినట్టు ఏమీ కూలిపోలేదు. రెండో ఏడాది కొన్ని పదుల సీట్లకు వందల దరఖాస్తులొచ్చాయి. 1920 నాటికి సిన్సినాటిలో ఇంజినీరింగ్ చదివే ప్రతి ఒక్కరికీ కో-ఆప్ పద్ధతే అయింది. నిలబడటానికి కారణం, అందులో ఉన్న ముగ్గురికీ లాభం ఉండటమే.

యజమానికి: పేపరు మీద మార్కులు చూసి, అరగంట ఇంటర్వ్యూలో మాట్లాడి మనిషిని తీసుకోవడం ఒకరకంగా గుడ్డెద్దు చేలో పడ్డట్టే. కో-ఆప్‌లో అయితే ఆరేళ్లపాటు ఆ కుర్రాడి నడక, మాట, చేతివాటం, టైముకు రావడం అన్నీ కళ్లారా చూస్తారు. చదువు పూర్తయ్యేసరికి తమ షాపు తెలిసిన ఇంజినీరు సిద్ధంగా ఉంటారు. మళ్లీ నేర్పే ఖర్చు లేదు. కొత్తగా చదివినవాళ్ల ప్రశ్నలు పాత పద్ధతులను కదిలిస్తాయి, అదీ లాభమే.

కాలేజీకి: కోట్లు పోసి కొనాల్సిన యంత్రాలు ఊళ్లోనే ఉన్నాయి. పరిశ్రమ మారుతుంటే ఆ మార్పు విద్యార్థుల నోట, కో-ఆర్డినేటర్ నోట సిలబస్‌లోకి వచ్చేస్తుంది.

విద్యార్థికి: జీతం సరే. ఫీజు కట్టలేక ఇంజినీరింగ్ మానేయాల్సిన ఇంటి పిల్లలకు అదే పెద్ద ఆసరా. దానికంటే పెద్దది ఇంకోటుంది. డిగ్రీ పట్టా అందుకునే రోజుకే అనుభవం ఉందా అనే ప్రశ్నకు జవాబు ఉంటుంది. పిచ్చీ పెళ్లీ సామెతలోని ముడి అక్కడ విడిపోతుంది.

ముఖం చూస్తే తెలియదు

ష్నైడర్ జీవితంలో మీకు బాగా పనికొచ్చే భాగం ఇది. వందలమంది విద్యార్థులను పనిలో పెట్టి, మార్చి, మళ్లీ పెట్టి చూడటం వల్ల ఆయనకు ఒక సంగతి తెలిసొచ్చింది. పనికిరానివాడు అని యజమాని పంపేసిన కుర్రాడు ఇంకో చోట బ్రహ్మాండంగా రాణిస్తున్నాడు. లోపం కుర్రాడిలో లేదు, పనికీ మనిషికీ పొత్తు కుదరలేదు.

దీంతో మనుషుల స్వభావాల్లో తేడాలను జంటలుగా రాసుకున్నారు. కొందరికి ఒకేచోట కుదురుగా పనిచేయడం ఇష్టం, కొందరికి తిరుగుతూ ఉండాలి. కొందరికి నాలుగు గోడల మధ్య హాయి, కొందరికి ఆరుబయట. కొందరు నడిపిస్తారు, కొందరు చెప్పింది నమ్మకంగా చేస్తారు. కొందరికి కొత్తది పుట్టించడం వస్తుంది, కొందరికి ఉన్నదాన్ని చక్కగా మళ్లీ చేయడం వస్తుంది. కొందరికి చిన్న చిన్న వివరాల మీద పట్టు, కొందరికి మొత్తం బొమ్మ కనిపిస్తుంది. కొందరి చేయి కచ్చితం, కొందరి లెక్క కచ్చితం. ఇందులో ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అని ఏం లేదు. ఒక్కో పనికి ఒక్కోటి కావాలి.

ఆ రోజుల్లో ముఖకవళికలు, తల ఆకారం చూసి ఎవరు ఏ ఉద్యోగానికి పనికొస్తారో చెప్పేస్తామనేవారు ఉండేవారు. ష్నైడర్ దాన్నీ పరీక్షించి చూశారు. నిలబడలేదు. మనిషి దేనికి పనికొస్తాడో తెలుసుకోవడానికి నమ్మకమైన పరీక్ష పనేనని తేల్చారు. పనిలో పెట్టి చూడాలి, కుదరకపోతే ఇంకో పనిలో పెట్టి చూడాలి.

మీ సంగతి ఆలోచించండి. స్నేహితులంతా కోడింగ్ కోర్సులో చేరారని మీరూ చేరారా? బ్యాంకు పరీక్షలకు అందరూ రాస్తున్నారని రాస్తున్నారా? టేబుల్ దగ్గర ఎనిమిది గంటలు కూర్చోగలరో లేదో, నలుగురితో మాట్లాడటం మీకు బలమో భయమో, ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే తెలిసేది కాదు. నెల రోజులు ఒక చోట పనిచేస్తే తెలిసిపోతుంది. ఇంటర్న్‌షిప్‌లో పని నచ్చలేదంటే అది ఓటమేం కాదు. ఆ తెలివిడి మీకు పాతికేళ్లప్పుడు వచ్చింది, నలభైలో కాదు. అదే లాభం.

నల్లేరు మీద నడక కాలేదు

ఇంత బాగుంటే ప్రపంచమంతా ఎందుకు పాకలేదు అంటారేమో. ఇందులో కష్టాలున్నాయి. మొదటిది కాలం. ఆరేళ్లు తర్వాత ఐదేళ్లకు తగ్గినా, నాలుగేళ్లలో అయిపోయే డిగ్రీకి ఇంకో ఏడాది పెట్టడం అందరికీ కుదరదు. రెండోది, కో-ఆర్డినేటర్ గట్టిగా లేకపోతే యజమాని ఆ పిల్లలను చవక కూలీల్లా వాడుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. మూడోది అన్నిటికంటే పెద్దది. పరిశ్రమ బాగుంటేనే ఈ పద్ధతి నడుస్తుంది. 1929 తర్వాత అమెరికాను ఆర్థిక మాంద్యం కమ్మేసినప్పుడు పాత ఉద్యోగులకే పని లేదు, ఇక విద్యార్థులకు ఎక్కణ్నుంచి వస్తుంది?

సరిగ్గా ఆ రోజుల్లోనే ష్నైడర్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడిగా ఉన్నారు. 1920ల చివర్లో ఆ బాధ్యత తీసుకుని 1932లో దిగారు. 1939లో సిన్సినాటిలోనే కన్నుమూశారు. చనిపోయిన నాలుగేళ్లకు ఆయన జీవితకథ పుస్తకంగా వచ్చింది. దాని పేరులో ఆయన్ను పరిశ్రమల దగ్గరికి వెళ్లిన రాయబారి అని పిలిచారు. నిజమే, ఆయన జీవితమంతా గోడకు అటూ ఇటూ తిరిగిన రాయబారమే.

ఆయన పోయినా పద్ధతి పోలేదు. బోస్టన్‌లోని నార్త్ ఈస్టర్న్ 1909లోనే దీన్ని అందుకుంది. ఇంజినీరింగ్‌కు మాత్రమే కాదు, అన్ని చదువులకూ పనికొస్తుందని ఒహాయోలోని ఆంటియోక్ కళాశాల 1921లో చూపించింది. ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ దీనికి పేరు మోసింది. కెనడాలో 1957లో మొదలైన వాటర్లూ విశ్వవిద్యాలయం పుట్టుకే కో-ఆప్‌తో. వారం వారం మారే పద్ధతి పోయి, ఇప్పుడు చాలాచోట్ల నాలుగు నుంచి ఆరు నెలలు చదువు, అన్నే నెలలు పని అన్నట్టు నడుస్తోంది. జీతం, అధ్యాపకుల పర్యవేక్షణ, చదువుతో ముడి.. ఈ మూడూ అలాగే ఉన్నాయి.

మన దగ్గర ఏముంది?

పేరు కో-ఆప్ కాకపోయినా ఆ కుటుంబానికి చెందినవి మనకూ ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల పాలిటెక్నిక్‌లలో పారిశ్రామిక శిక్షణ ఉంది. కొన్ని బ్రాంచిల్లో మూడున్నరేళ్ల శాండ్‌విచ్ డిప్లొమాలు ఉన్నాయి. బిట్స్ పిలానీ, దాని హైదరాబాద్ క్యాంపస్‌లో ప్రాక్టీస్ స్కూల్ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి తెచ్చిన డిగ్రీ సిలబస్‌లో పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. ఇవేవీ మీ కోర్సులో లేకపోయినా 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఉంది. దాని కింద నడిచే జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకంలో డిగ్రీ, డిప్లొమా పూర్తయినవారు ఏడాదిపాటు స్టైపెండ్‌తో పనిచేయొచ్చు. కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం భరిస్తుంది కాబట్టి యజమానికీ తేలికే.

అమెరికా వెళ్లాలనుకునేవారు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. అక్కడ ఎఫ్-1 వీసా మీద చదివేవారు కో-ఆప్ చేయాలంటే సీపీటీ అనే అనుమతి ఉండాలి. పూర్తికాల సీపీటీని 12 నెలలు వాడేస్తే, చదువయ్యాక అదే స్థాయి డిగ్రీకి వచ్చే ఓపీటీ అవకాశం పోతుంది. ముందే మీ యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడిగి లెక్క చూసుకోండి.

సరే, అవకాశాలు ఉన్నాయి. వాటిని వాడుకుంటున్న తీరే అసలు సమస్య. డబ్బు కడితే సంతకం పెట్టిన సర్టిఫికెట్ ఇంటికే వచ్చే ఇంటర్న్‌షిప్‌ల సంగతి మీకు తెలియనిది కాదు. ప్రాజెక్టు రిపోర్టు సీనియర్ దగ్గర తీసుకుని పేరు మార్చేయడమూ తెలియనిది కాదు. ఇంటర్వ్యూలో ఎదుటి మనిషి ఆ ప్రాజెక్టులో మీరు ఏం చేశారు అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు, గొంతు తడారిపోతుంది. ఆ కాగితం మీకు ఇచ్చింది ఏమీ లేదు. పోయింది మాత్రం మీ పది నెలలు.

మీరే కో-ఆర్డినేటర్ అయిపోండి

మీ కాలేజీలో ష్నైడర్ లాంటి డీన్ ఉండకపోవచ్చు. ఫ్యాక్టరీకీ క్లాసుకీ మధ్య తిరిగే కో-ఆర్డినేటర్ అసలే ఉండకపోవచ్చు. ఆ పని మీరే చేసుకోవచ్చు. పెద్ద కంపెనీయే కానక్కర్లేదు. మీ ఊళ్లో రైస్ మిల్లు, ఆటోనగర్‌లో లేత్ షెడ్డు, చార్టెర్డ్ అకౌంటెంట్ ఆఫీసు, పాల డెయిరీ, చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ.. ఏదైనా చాలు. వెళ్లి ఇవి పాటించండి.

1. రోజూ ఒక నోట్‌బుక్‌లో ఇవాళ చేసిన పని రెండు లైన్లు, అర్థంకాని సంగతి ఒక లైను రాయండి. రెండోదే ముఖ్యం.

2. అర్థంకానిదాన్ని వారం చివర మీ లెక్చరర్ దగ్గరికో, పుస్తకం దగ్గరికో తీసుకెళ్లండి. మిల్లులో బియ్యం నూక ఎందుకు పెరిగిందన్న ప్రశ్నకు మీ సిలబస్‌లో ఎక్కడో జవాబు ఉంటుంది. పని దగ్గర పుట్టిన ప్రశ్నకు దొరికిన జవాబు పరీక్ష అయ్యాక కూడా గుర్తుంటుంది.

3. నెల రోజులుగా ఒకే పని చేయిస్తున్నారా? ఫొటోకాపీలు తీయించడం, టీలు తెప్పించడంతోనే సరిపోతోందా? మర్యాదగా అడగండి. సార్, ఈ పని వచ్చేసింది, పక్క సెక్షన్‌లో కూడా నేర్చుకోవచ్చా అని. అడిగినందుకు కోప్పడేవాళ్లు తక్కువ.

4. మానేసేటప్పుడు మీ తర్వాత వచ్చేవాళ్లకు పని ఎక్కడిదాకా వచ్చిందో రాసిచ్చి రండి. ఆ ఒక్క కాగితం మీ గురించి ఏ సర్టిఫికెట్టూ చెప్పనంత చెబుతుంది.

5. చివర్లో ష్నైడర్ జంటలతో మిమ్మల్ని మీరు తూచుకోండి. కుదురా, తిరుగుడా? లోపలా, బయటా? నడిపించడమా, నమ్మకంగా చేయడమా? వచ్చిన జవాబు మీ రాబోయే దరఖాస్తులకు దారి చూపిస్తుంది.

ఇక ఇంటర్వ్యూలో అనుభవం ఉందా అని అడిగినప్పుడు, ఎన్ని నెలలో చెప్పి ఆగిపోకండి. అక్కడ మీకు ఎదురైన ఒక సమస్య, దాని గురించి మీరు తెలుసుకున్నది, మీరు చేసిన పని.. ఈ మూడూ వరుసగా చెప్పండి. ఎదురుగా కూర్చున్న మనిషికి కావాల్సింది అదే.

1906లో ఆ 27 మంది కుర్రాళ్ల చేతిలో గ్యారంటీ అంటూ ఏదీ లేదు. తప్పు జరిగితే మాకు సంబంధం లేదని కాలేజీ పెద్దలే రాసిపెట్టారు. అయినా వాళ్లు సోమవారం ఉదయం వెళ్లి మెషీన్ దగ్గర నిలబడ్డారు. ఆ తర్వాతి సోమవారం వచ్చి క్లాసులో కూర్చున్నారు. ఈ వేసవి సెలవుల్లో మీ సోమవారం ఎక్కడో ఇప్పుడే చూసి పెట్టుకోండి.